ఇంకా ఎన్ని ఓట్లు మిగిలాయి? ఓట్ల లెక్కింపు రోజు డెస్క్‌లో కూర్చునేవారికి

లెక్కింపు ఉదయం ఎనిమిది గంటలకు మొదలవుతుంది. ఎనిమిదీ ఐదుకల్లా ఏదో ఒక ఛానెల్ తెర మీద "తొలి ఆధిక్యం" అని ఎర్రపట్టీ పడుతుంది. అప్పటికి పోస్టల్ బ్యాలెట్ కవర్లు చించడం కూడా సరిగ్గా మొదలై ఉండదు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే ఎరుక. అయినా పది నిమిషాల్లో మిగతా ఛానెళ్లన్నీ దాన్నే ఎత్తుకుంటాయి, ఆ తర్వాత అది ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ సంజాయిషీ చెప్పరు.

చాలా ఎన్నికలకు ఫలితాల డెస్క్ నడిపిన అనుభవంతో, కొత్తగా ఆ కుర్చీలో కూర్చోబోయేవారి కోసం ఇది రాస్తున్నాను. మీది టీవీ అయినా పత్రిక అయినా, ఇద్దరు కలిసి నడుపుకొనే యూట్యూబ్ ఛానెల్ అయినా పద్ధతి ఒకటే. నా పట్టు కూడా ఒక్కటే: ఆధిక్యం ఎంతో చెప్పిన ప్రతిచోటా, ఇంకా లెక్కించాల్సినవి ఎన్నో పక్కనే చెప్పాలి. మిగిలింది చెప్పని లీడ్ సగం వార్త. ఆ సగం వార్త విని ఊళ్లలో టపాసులు కాలుస్తారు, సాయంత్రానికి అది తారుమారైతే తలలు పగులుతాయి.

ముందు రోజు చేయాల్సిన పని

ఈ పని లెక్కింపు రోజు ఉదయం చేద్దామంటే కుదరదు. మీరు చూడాల్సిన ప్రతి నియోజకవర్గానికి ఒక కాగితం తయారుచేయండి. కంప్యూటర్‌లో పట్టిక ఉన్నా సరే, కాగితం కూడా ఉండాలి. దాని మీద పోలింగ్ కేంద్రాల సంఖ్య, పోలైన ఓట్లు, అందిన పోస్టల్ బ్యాలెట్లు, మొత్తం రౌండ్లు రాయండి. రౌండ్లు ఎన్నో రిటర్నింగ్ అధికారి, అంటే ఆ నియోజకవర్గంలో ఎన్నిక నడిపే అధికారి, ముందే చెబుతారు. చెప్పకపోయినా మీరే కట్టుకోవచ్చు. మామూలుగా ఒక అసెంబ్లీ సెగ్మెంటుకు 14 టేబుళ్లు వేస్తారు, ఒక్కో టేబుల్ మీద ఒక్కో పోలింగ్ కేంద్రం యంత్రం. ఆ పద్నాలుగూ లెక్కిస్తే ఒక రౌండు. కాబట్టి పోలింగ్ కేంద్రాల సంఖ్యను 14తో భాగిస్తే రౌండ్లు వస్తాయి.

అసలు విలువైనది తర్వాతి గడి: ఏ రౌండులో ఏ మండలం. యంత్రాలను పోలింగ్ కేంద్రాల వరుస సంఖ్య ప్రకారమే లెక్కిస్తారు. ఆ సంఖ్యలు నియోజకవర్గంలో ఒక కొస నుంచి మరో కొసకు సాగుతాయి. అంటే మొదటి నాలుగైదు రౌండ్లు నియోజకవర్గం మొత్తానికి మచ్చుతునక కానే కావు, ఒకటో రెండో మండలాల మాట మాత్రమే. అది ఒక అభ్యర్థి సొంత మండలమైతే లీడ్ చూసి కళ్లు తిరుగుతాయి. పోలింగ్ కేంద్రాల జాబితా జిల్లా ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఉంటుంది. గత ఎన్నికల్లో ఒక్కో కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో చెప్పే ఫారం 20 కూడా దొరుకుతుంది. పోలింగ్ కేంద్రాలు కొన్ని మారి ఉంటాయి, సంఖ్యలు జరిగి ఉంటాయి. మండలం స్థాయిలో సరిచూసుకుంటే చాలు.

లెక్క ఎలా పనికొస్తుందో ఒక ఊహా నియోజకవర్గంతో చూపిస్తాను. పోలింగ్ కేంద్రాలు 266, రౌండ్లు 19. యంత్రాల్లో పోలైన ఓట్లు 2,09,000, అంటే రౌండుకు సుమారు 11,000. ఆరో రౌండు ముగిసేసరికి 'క' అనే అభ్యర్థి 7,400 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. వినడానికి పెద్ద అంకె. మిగిలిన రౌండ్లు 13, అందులోని ఓట్లు 1,43,000. 'ఖ' అనే అభ్యర్థి ఆ లోటు పూడ్చుకోవాలంటే రౌండుకు 570 ఓట్లు ఎక్కువ తెచ్చుకుంటే సరిపోతుంది. అంటే నూటికి ఐదు ఓట్ల తేడా. పదమూడో రౌండు నుంచి వచ్చేది పట్టణం, గతసారి అక్కడ 'ఖ' పార్టీకి రౌండుకు 900 చొప్పున ఆధిక్యం వచ్చి ఉందనుకోండి. అప్పుడు ఆ 7,400ను "భారీ ఆధిక్యం" అనడానికి మీకు నోరు రాదు. "19 రౌండ్లలో 6 పూర్తి, 'క'కు 7,400 ఆధిక్యం, పట్టణ ఓట్ల లెక్కింపు ఇంకా మొదలుకాలేదు" అంటారు. వీక్షకుడికి కావాల్సింది అదే.

ఇదే నియోజకవర్గంలో 17 రౌండ్లు ముగిసి 'క'కు 3,100 ఆధిక్యం ఉందనుకుందాం. అంకె సగానికి పైగా తగ్గింది, కానీ పరిస్థితి గట్టిపడింది. ఎందుకంటే మిగిలిన రెండు రౌండ్లలో 'ఖ' ఒక్కోదానిలో 1,550 ఎక్కువ తెచ్చుకోవాలి, అంటే సుమారు 57–43 నిష్పత్తిలో ఓట్లు పడి ఉండాలి. ఇలాంటి పట్టిక పక్కన పెట్టుకుని కూర్చున్న సబ్ ఎడిటర్‌ను ఏ అరుపులూ కదిలించలేవు.

పోస్టల్ బ్యాలెట్ల గంట

పోస్టల్ బ్యాలెట్ల లెక్కింపు ఎనిమిదికి మొదలైతే, అది పూర్తికాకపోయినా ఎనిమిదిన్నర నుంచి యంత్రాల లెక్కింపు మొదలుపెట్టవచ్చు. పోస్టల్ బ్యాలెట్ అంటే పని నిదానం. పై కవరు తెరవాలి, లోపల ఓటరు డిక్లరేషన్ ఉందో లేదో, దాని మీద సంతకాలు సరిగ్గా ఉన్నాయో చూడాలి, ఆ తర్వాతే బ్యాలెట్ ఉన్న లోపలి కవరు తెరవాలి. సైనికుల ఓట్లకు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. ఇవి వేసినవారిలో ప్రభుత్వ ఉద్యోగుల వాటా ఎక్కువ. వారి మొగ్గు నియోజకవర్గం మొగ్గు కానక్కర్లేదు. కాబట్టి మొదటి గంటలో వచ్చే అంకెలను "పోస్టల్ బ్యాలెట్లలో" అన్న మాట లేకుండా ఎక్కడా వాడకండి. నేనైతే మొదటి గంటంతా సీట్ల పట్టికే తెర మీద పెట్టనివ్వను. లెక్కింపు ఎలా జరుగుతుందో వివరించడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ దొరకదు.

2024 అక్టోబరు 8న హర్యానా గుర్తుంది కదా. ఉదయం ట్రెండ్స్ కాంగ్రెస్ వైపు దూసుకుపోయాయి, సంబరాలు మొదలయ్యాయి. కాసేపటికి లెక్క తిరగబడింది. 90 సీట్లలో చివరికి బీజేపీకి 48, కాంగ్రెస్‌కు 37. ఓటర్ల మనసు ఆ పూట మారలేదు, వారు మూడు రోజుల ముందే ఓటు వేసేశారు. మారింది పెట్టెలు తెరిచిన వరుస ఒక్కటే. "ఉదయం గెలిపించి మధ్యాహ్నం ఓడించారు" అన్న అనుమానం జనంలో పుట్టిందంటే, అందులో ఉదయం తొందరపడిన మన పాత్ర తక్కువేమీ కాదు.

అలాగని పోస్టల్ బ్యాలెట్లను తేలిగ్గా తీసుకోవద్దు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో డిక్లరేషన్ మీద అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఓటు చెల్లుతుందా అన్న వివాదం హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎందుకంత పట్టుదల అంటే, అదే ఏడాది ముంబయి వాయవ్య లోక్‌సభ స్థానం చూడండి. యంత్రాల లెక్క ముగిసేసరికి అమోల్ కీర్తికర్‌కు 4,51,095 ఓట్లు, రవీంద్ర వాయ్‌కర్‌కు 4,51,094. ఒక్క ఓటు తేడా. పోస్టల్ బ్యాలెట్లలో కీర్తికర్‌కు 1,501, వాయ్‌కర్‌కు 1,550 వచ్చాయి. వాయ్‌కర్ 48 ఓట్లతో గెలిచారు. యంత్రాల లెక్క పూర్తికాగానే "గెలుపు" అని వేసిన వారి గతి ఊహించుకోండి.

అంకె ఎక్కడ పుడుతుంది

హాల్లో ఒక టేబుల్ దగ్గర నిలబడి చూస్తే చాలా అపోహలు పోతాయి. యంత్రాలు భద్రపరిచిన స్ట్రాంగ్ రూమ్ నుంచి కంట్రోల్ యూనిట్, అంటే ఓట్లు నమోదై ఉన్న పెట్టె, వస్తుంది. దాని మీద సీళ్లు, యంత్రం సంఖ్య సరిచూస్తారు. ఆ కేంద్రంలో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో పోలింగ్ రోజునే ఫారం 17సీలో రాసి ఉంటుంది, యంత్రం చూపే మొత్తం దానితో కలవాలి. టేబుల్‌కు, అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లకు మధ్య వల కంచె ఉంటుంది. ఏజెంట్లు ముందుకు వంగి కళ్లు చికిలించి చూస్తుంటారు, ఒడిలో నోటు పుస్తకం. ఫలితాల బటన్ నొక్కగానే ఒక్కో అభ్యర్థికి వచ్చిన ఓట్లు వరుసగా తెర మీద కనిపిస్తాయి. సూపర్‌వైజర్ వాటిని 17సీ రెండో భాగంలో రాస్తారు, ఏజెంట్లు సంతకం చేస్తారు. 14 టేబుళ్ల కాగితాలూ రిటర్నింగ్ అధికారి దగ్గరికి చేరాక కూడిక, ఎన్నికల సంఘం పంపిన పరిశీలకుడి ఆమోదం, బోర్డు మీద రాయడం, మైకులో ప్రకటన. ఆపైన కంప్యూటర్‌లో నమోదు. అప్పుడు గానీ ఎన్నికల సంఘం ఫలితాల వెబ్‌సైట్‌లో కనిపించదు.

వెబ్‌సైట్ కంటే మన విలేకరి చెప్పే అంకె ముందు రావడానికి కారణం ఇదే. ఏజెంటు నోటు పుస్తకంలోని అంకె కంచె దాటి బయటకు వచ్చేస్తుంది. అది అబద్ధమని కాదు, చాలాసార్లు నిజమే. కానీ ఆ ఏజెంటు తన టేబుల్ ఒక్కటే చూశాడు, పైగా అతనికి ఒక పార్టీ ఉంది. అందుకే నా పట్టికలో రెండు గడులు వేరువేరుగా ఉంటాయి: బోర్డు మీద రాసింది ఒకటి, ఏజెంట్లు చెప్పింది ఒకటి. మొదటి గడిలోది "అధికారికం". రెండో గడిలోది వాడక తప్పకపోతే "పార్టీ వర్గాల ప్రకారం" అన్న మాటతో. ఈ రెంటినీ ఒకే కూడికలో కలపకండి. కలిపితే సాయంత్రానికి ఏ అంకె ఎక్కడిదో మీకే తెలియదు.

విలేకరి ఫోను చేసి "మేడమ్, మనవాడు గెలిచేశాడు" అంటాడు. ముందు ఆ "మనవాడు" ఎవరో అడగండి, అతను కాస్త సర్దుకుంటాడు. తర్వాత వరుసగా: ఎన్నో రౌండు? మొత్తం ఎన్ని? బోర్డు మీద రాశారా, మైకులో చెప్పారా? పోస్టల్ లెక్క కలిసిందా? ఈ రౌండు ఆధిక్యమా, మొత్తం ఆధిక్యమా? చివరి ప్రశ్న మరవకండి. ఒక రౌండులో వచ్చిన 900ను మొత్తం ఆధిక్యంగా, మొత్తాన్ని రౌండు ఆధిక్యంగా రాయడం ప్రతిసారీ జరిగే పొరపాటు. విలేకరిని విసుక్కోవద్దు. ఎండలో నిలబడి, సెల్‌ఫోను అనుమతించని హాలుకూ మీడియా కేంద్రానికీ మధ్య తిరుగుతూ చెబుతున్నాడు. మీడియాను హాల్లోకి చిన్న బృందాలుగా అధికారులే తీసుకెళతారు. యంత్రం మీద కనిపించే ఓట్లను దగ్గరగా ఫొటో తీయకూడదు. ఈ నియమాలు తెలియక "ఒక్క ఫొటో పంపు" అని డెస్క్ నుంచి ఒత్తిడి చేస్తే చిక్కుల్లో పడేది అతనే, మీరు కాదు.

లోక్‌సభ స్థానమైతే ఇంకో తిరకాసు ఉంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి. ఒక్కోదాని లెక్కింపు ఒక్కో హాల్లో, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో, ఎవరి వేగం వారిదే. ఒక సెగ్మెంటులో 14వ రౌండు నడుస్తుంటే మరోదానిలో ఆరో రౌండు దగ్గరే ఆగి ఉండొచ్చు. వెబ్‌సైట్‌లో కనిపించే మొత్తం ఈ ఎగుడుదిగుళ్ల కూడిక. కాబట్టి లోక్‌సభ ఆధిక్యం చెప్పేముందు వెనకబడిన సెగ్మెంటు ఎవరి కోటో చూడండి. పోస్టల్ బ్యాలెట్లను రిటర్నింగ్ అధికారి ఉన్నచోట మాత్రమే లెక్కిస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

గెలుపు అన్న మాట

లెక్క ప్రకారం గెలుపు ఖాయమయ్యేది ఒకే ఒక్క సందర్భంలో: ఆధిక్యం మిగిలిన ఓట్లన్నిటి కంటే ఎక్కువైనప్పుడు. మిగిలిన ఓట్లంటే రాని రౌండ్లే కాదు. తేలని పోస్టల్ బ్యాలెట్లు, ఏదో లోపంతో పక్కన పెట్టిన యంత్రాల్లోని ఓట్లు కూడా. పోలింగ్‌కు ముందు పరీక్షగా వేసిన నమూనా ఓట్లు చెరపకుండా వదిలేసిన యంత్రాలు, తెర వెలగని యంత్రాలు పక్కనపెడతారు. ఆధిక్యం ఆ ఓట్ల కంటే తక్కువైతే అప్పుడు వాటి వీవీప్యాట్ చీటీలు (ఓటు ఎవరికి పడిందో చూపుతూ యంత్రం అచ్చువేసినవి) లెక్కిస్తారు. విలేకరిని "పక్కన పెట్టిన యంత్రాలు ఎన్ని?" అని అడగడం అలవాటు చేసుకోండి.

చివరి రౌండు అయిపోయినా పని అయిపోదు. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో లాటరీ తీసిన ఐదు పోలింగ్ కేంద్రాల వీవీప్యాట్ చీటీలను లెక్కించి యంత్రంతో సరిపోల్చాలి. తర్వాత అభ్యర్థి లేదా ఏజెంటు కారణాలు చూపుతూ రాతపూర్వకంగా మళ్లీ లెక్కించమని కోరవచ్చు. రిటర్నింగ్ అధికారి ఒప్పుకున్నా తిరస్కరించినా రాతలోనే చెప్పాలి. 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఇంకో మార్పు తెచ్చింది: పోస్టల్ బ్యాలెట్ల లెక్కింపు పూర్తయ్యాకే యంత్రాల చివరి నుంచి రెండో రౌండు చేపట్టాలి. గెలుపు తేడా తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్ల కంటే తక్కువగా ఉంటే వాటన్నిటినీ మళ్లీ పరిశీలించి తీరాలన్నది అంతకుముందు నుంచే ఉన్న నిబంధన. ఇవన్నీ దాటాక ఫారం 21సీలో ప్రకటన, ఆపైన విజేతకు ధ్రువపత్రం. ఓట్లు సమానమైతే చీటీ తీయడమే చట్టం చూపిన దారి.

ఇదంతా ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, ఆలస్యాన్ని చూసి "ఏదో జరుగుతోంది" అనే పట్టీ వేయకుండా ఉండటానికి. 2020 బిహార్ ఎన్నికల లెక్కింపు మర్నాడు తెల్లవారుజాము దాకా సాగింది. కొవిడ్ వల్ల ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఓటర్లను తగ్గించడంతో కేంద్రాలు సుమారు 73 వేల నుంచి లక్షా ఆరు వేలు దాటాయి. కేంద్రాలు పెరిగితే రౌండ్లు పెరుగుతాయి, అంతే. ఆ ఎన్నికల్లోనే హిల్సాలో జేడీయూ అభ్యర్థి 12 ఓట్లతో బయటపడ్డారు.

పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్ సంగతి ప్రతి డెస్క్ గోడ మీదా రాసిపెట్టుకోదగ్గది. 2021 మే 2 సాయంత్రం మమతా బెనర్జీ 1,200 ఓట్లతో గెలిచారని ఒక వార్తాసంస్థ చెప్పింది, దేశమంతా చెప్పింది. లెక్కింపు ఇంకా పూర్తికాలేదు, ఊహాగానాలు వద్దని ఆమె పార్టీయే అనాల్సి వచ్చింది. రాత్రికి ఆమె ప్రత్యర్థి, బీజేపీకి చెందిన సువేందు అధికారి 1,956 ఓట్లతో గెలిచినట్లు ప్రకటన వెలువడింది. ఆ మొదటి వార్త లేకపోతే ఆ రాత్రి పుట్టిన అనుమానాల్లో కొన్నైనా పుట్టేవి కావు. రెండేళ్ల తర్వాత, 2023 మేలో, బెంగళూరు జయనగర్‌లోనూ ఇలాగే కాంగ్రెస్ అభ్యర్థి సౌమ్యారెడ్డి గెలిచారని వార్తలు వచ్చాక మళ్లీ లెక్కింపు జరిగింది, చివరకు బీజేపీ అభ్యర్థి సి.కె.రామమూర్తి 16 ఓట్లతో విజేత అయ్యారు.

మన దగ్గరా తక్కువేం లేవు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు ఆధిక్యం 25. 2024లో మడకశిరలో ఎం.ఎస్.రాజుది 351. ఇలాంటి చోట్ల ప్రకటన వచ్చేదాకా "హోరాహోరీ" అనడమే మర్యాద. టీవీ ఛానెళ్లకైతే ఇది వట్టి మర్యాద కూడా కాదు. రిటర్నింగ్ అధికారి ప్రకటించకముందు తుది ఫలితమంటూ ప్రసారం చేయకూడదని, చేస్తే అది అనధికారికమనో అసంపూర్ణమనో స్పష్టంగా చెప్పాలని న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ 2014లోనే మార్గదర్శకాల్లో పెట్టింది.

పక్క ఛానెల్ 62 చూపిస్తోంది

పదిన్నర ప్రాంతంలో ఈ మాట తప్పకుండా వస్తుంది. పై గదిలోంచి ఎవరో దిగి "వాళ్లు 62 సీట్లు చూపిస్తున్నారు, మనం 48 దగ్గరే ఉన్నాం ఏమిటి?" అంటారు. వాదనకు దిగకండి. మీ పట్టిక చూపించండి: అధికారికంగా రౌండ్లు మొదలైన స్థానాలు ఇవి, వాటిలో వెయ్యి లోపు ఆధిక్యంతో ఉన్నవి ఇన్ని, సగం రౌండ్లు దాటినవి ఇన్ని. ఈ మూడు అంకెలూ తెర మీద వేయమని అడగండి. పక్క ఛానెల్‌లో లేనిది మీ దగ్గర ఉన్నట్లవుతుంది. పైవాళ్లకు నచ్చే భాష అది.

సీట్ల కూడికలో పెద్ద మోసం ఏమిటంటే, 200 ఓట్ల ఆధిక్యమూ 20,000 ఆధిక్యమూ తలా ఒక సీటుగా కూడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 88, తెలంగాణలో 60 సీట్లకు చేరగానే "అధికారం" అని గంటలు మోగిస్తాం. ఆ 88లో ఇరవై ఎటైనా జారేవైతే ఆ గంటకు అర్థం లేదు. మ్యాప్‌లో గెలిచిన స్థానానికి ముదురు రంగు, ఆధిక్యంలో ఉన్నదానికి లేత రంగు వేయించండి. ఒకే రంగు వాడే డిజైనర్‌తో గొడవపడినా ఫరవాలేదు. మధ్యలో "ఓట్ల శాతం" అని వేసే అంకె కూడా అప్పటిదాకా లెక్కించిన ఓట్లలో శాతమే, పోలైన వాటిలో కాదు.

ఎగ్జిట్ పోల్‌ను ఆ రోజు పక్కన పెట్టేయండి. సొంత సర్వే నిలబడాలని అంకెల్ని దాని వైపు వంచి చదివే యాంకర్లను చూశాను, చూడటానికే ఇబ్బందిగా ఉంటుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా సర్వేలు ఎన్డీయేకు 350కి పైగా ఇచ్చాయి, వచ్చినవి 293. సర్వేలను నమ్మి జూన్ 3న 2,500 పాయింట్లు ఎగిరిన సెన్సెక్స్, లెక్కింపు రోజైన జూన్ 4న 4,390 పాయింట్లు పడింది. మన తెర మీది అంకెను చూసి జనం డబ్బు పెడతారు, తీస్తారు. పందేల మాట చెప్పనే అక్కర్లేదు.

ఆరోపణ వచ్చినప్పుడు

ఓడిపోతున్న వారి నుంచి యంత్రాల మీద ఆరోపణ వస్తుంది. దాన్ని దాచవద్దు, మోయనూ వద్దు. ఏ పోలింగ్ కేంద్రం, ఏ యంత్రం సంఖ్య, ఏం తేడా కనిపించింది, రాతపూర్వకంగా ఇచ్చారా, అధికారి ఏమని జవాబిచ్చారు అని అడగండి. వీటిలో మొదటి రెంటికి జవాబు లేకపోతే అది "ఫలానా నాయకుడు ఆరోపించారు" అనే ఒక్క వాక్యం, పతాక శీర్షిక కాదు. హర్యానాలో కొన్ని యంత్రాల బ్యాటరీ 99 శాతం చూపిందని, రోజంతా వాడిన యంత్రంలో అంత ఎలా ఉంటుందని కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది, ఎన్నికల సంఘం దాన్ని తోసిపుచ్చుతూ జవాబిచ్చింది. ఈ రెండూ కలిస్తేనే వార్త. 17సీలోని మొత్తానికీ యంత్రం చూపిన మొత్తానికీ నిజంగా తేడా ఉందని ఏజెంటు కాగితం చూపిస్తే మాత్రం వదలకండి. అది చిన్న సంగతి కాదు, తేలేదాకా వెంటపడాల్సిన వార్త.

వాట్సాప్‌లో మీ ఛానెల్ లోగోతోనే నకిలీ ఫలితాల ప్లేటు (అంకెలు వేసిన బొమ్మ) తిరుగుతుంది. మధ్యాహ్నానికల్లా ఒకటైనా వస్తుంది. అది మీది కాదని మీ ఖాతాలోనే చెప్పడానికి ఒక మనిషిని ఉదయమే కేటాయించండి.

హాలు బయట కెమెరా పెట్టే చోటు కూడా మీరే చెప్పండి. ఓడిన అభ్యర్థి ఇంటి ముందు గెలిచిన పార్టీ గుంపును ప్రత్యక్షంగా చూపిస్తే, ఆ గుంపు రెట్టింపవుతుంది. 2024 మేలో పోలింగ్ తర్వాత పల్నాడులో, తాడిపత్రిలో చెలరేగిన హింస చూసి, ఎన్నికల సంఘం లెక్కింపు తర్వాత పదిహేను రోజుల పాటు 25 కంపెనీల కేంద్ర బలగాలను ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంచింది. అలాంటి ఊళ్ల నుంచి ఆ రాత్రి ప్రత్యక్ష ప్రసారం వద్దు. విలేకరి ఫోనులో చెప్పింది విని, పోలీసులతో ధ్రువీకరించుకుని రాసుకుంటే చాలు. "దాడి" అని పెట్టేముందు ఎవరి మీద, ఎక్కడ, ఎవరు చెప్పారన్నవి లేకపోతే ఆగండి.

తప్పు అంకె వెళ్లిపోతే, వెళ్లిన సైజులోనే, వెళ్లిన చోటే సరిదిద్దండి. పట్టీలో వేసిన తప్పును ఎక్కడో వెబ్‌సైట్ మూలన దిద్దడం దిద్దుబాటు కాదు. పోస్టును చెరిపేసి ఊరుకుంటే స్క్రీన్‌షాట్ మిగులుతుంది. "6.40కి ఇచ్చిన అంకె తప్పు, సరైనది ఇది" అని సమయంతో సహా రాయండి.

రాత్రి డ్యూటీ దిగేముందు నియోజకవర్గాల కాగితాలను ఫైలు చేయండి. ఏ అంకె ఏ సమయానికి ఎవరి నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. తక్కువ తేడాతో తేలిన స్థానాల పక్కన తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు, నోటా ఓట్లు, మళ్లీ లెక్కింపు కోరారా లేదా అన్నవి రాసిపెట్టండి. మర్నాటి పేజీకి ఆ స్థానాలే కథనాలు. ఫలితాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయడానికి ఓడినవారికి 45 రోజుల గడువు ఉంటుంది. అప్పటిదాకా ఆ ఫైలు పారేయకండి. పిటిషన్ పడితే ఆ రోజు రౌండ్లవారీగా ఏం జరిగిందో అడిగేది మీ డెస్క్‌నే.